రాయిస్ హాలమ్ సంతకం

నా భార్య వెర్నా పోయిన మూడో రోజున రాయిస్ హాలమ్ దగ్గర్నుంచి సంతాపం కార్డు వచ్చింది. దళసరి కార్డు, నల్ల అంచు. "మీ దుఃఖంలో నేనూ ఉన్నాను" అని అచ్చు వేసి ఉంది. కింద సిరాతో సంతకం. మొదటి అక్షరం గుర్రం మీదికి కాలు విసిరి ఎక్కుతున్న మనిషిలా ఉంటుంది. ఆ సంతకం దేశంలో అందరికీ తెలుసు.

ఆ సంతకం పెట్టింది వెర్నా.

స్టూడియో ఉత్తరాల గదిలో ఇరవై నాలుగేళ్ళు ఆమె పని అదే. అభిమానులకు పంపే ఫొటోల మీద రాయిస్ పేరు రాయడం. వారానికి రెండు వేల ఫొటోలు. అవి కాక పుట్టినరోజు కార్డులు, పెళ్ళి కార్డులు, చావు కార్డులు. చావులు చెప్పి రావు గనక ఆ కార్డులు వందేసి ముందే సంతకం చేసి అట్టపెట్టెలో ఉంచేది. ఆమె పోయిందని కబురు వెళ్ళగానే ఎవరో ఆ పెట్టెలోంచి పైన ఉన్న కార్డు తీసి మా ఇంటికి పంపారు. తన చావుకు తనే సంతాపం చెప్పింది. ఆ గదిలో ఒక్కరికీ అది తట్టలేదు.

అంత్యక్రియలకు పదకొండు మంది వచ్చారు. రాయిస్ రాలేదు. ఆ పూట పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాడని తరవాత తెలిసింది. ఆ పళ్ళు అతనివి కావు. వాటితో పాటు అతను కూడా ఎందుకు వెళ్ళాలో నాకు అర్థం కాలేదు.

నా పేరు ఓరిన్ బెక్. నేను రాయిస్‌కి డూపుని. నలభై సినిమాల్లో అతని బదులు గుర్రం ఎక్కాను, గుర్రం మీద నుంచి పడ్డాను, మేడల మీద నుంచి దూకాను. నా వీపు తెలియని అమెరికన్ లేడు. నా ముఖం పాలవాడికి తెలుసు.

సినిమా పత్రికల ప్రకారం రాయిస్ హాలమ్ వయోమింగ్‌లో పశువుల మంద మధ్య పుట్టాడు. పదేళ్ళ వయసులో తోడేలుని చంపాడు. అసలు మనిషి వెండెల్ ప్యూజీ. న్యూజెర్సీలో వాళ్ళ నాన్నకు ఆడవాళ్ళ టోపీల కొట్టు ఉండేది. గుర్రమంటే వణుకు. కళ్ళెం పట్టుకుని ఫొటో దిగాలన్నా గుర్రానికి మత్తుమందు పెట్టేవాళ్ళు. ఒకసారి ఇద్దరికీ పెట్టవలసి వచ్చింది. పాటలు పాడింది ఒహాయో నుంచి వచ్చిన లావుపాటి బట్టతలవాడు. అతన్ని స్టూడియో పెరటి గుమ్మంలోంచి రప్పించి పెరటి గుమ్మంలోంచే పంపేవాళ్ళు. జుట్టు ఒక ముసలామె ఇంట్లో కుట్టేది. మొదటి ఇద్దరు పెళ్ళాలనీ ప్రచారం వాళ్ళు ఎంచారు. మూడో ఆమెను తనే ఎంచుకున్నాడు. ఆవిడ నాలుగు నెలలుంది.

ఒక్క విద్య మాత్రం అతని సొంతం. నేల మీద చాక్‌పీసుతో గీసిన గుర్తు దగ్గరికి, కిందికి చూడకుండా వచ్చి, సరిగ్గా దాని మీద నిలబడేవాడు. అంగుళం తేడా వచ్చేది కాదు. ఆ తరవాత ఎడమ కన్ను సగం మూసేవాడు. దాన్నే జనం నటన అన్నారు.

నేనూ వెర్నా నెబ్రాస్కాలో ఒకే పల్లెలో పెరిగాం. ఒకటే గది ఉన్న బడి. మిస్ ఓగ్డెన్ అని ఒకావిడ ఎనిమిది తరగతులకూ తనే చెప్పేది. లెక్కలు రాకపోయినా ఊరుకునేది. దస్తూరి బాగుండకపోతే వేళ్ళ మీద కొట్టేది. ఆ దెబ్బలకే రాయిస్ హాలమ్ సంతకం పుట్టింది. స్టూడియోలో చేరిన మొదటి రోజున నమూనా ఏదని వెర్నా అడిగితే, నమూనా లేదు, నువ్వే మొదలుపెట్టు అన్నారట.

ఒకసారి దస్తూరి చూసి మనిషి గుణం చెప్పే పండితుడొకడు పత్రికలో రాశాడు. ఇది ఒంటరి మగవాడి చెయ్యి, ఎడారిలో నిద్రపోగల చెయ్యి, ఏ ఆడదానికీ లొంగని చెయ్యి అన్నాడు. వెర్నా గుడ్లు వేయిస్తూ నాకు అది చదివి వినిపించింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చి గుడ్లు మాడిపోయాయి. చివరి ఏళ్ళలో ఆమె బొటనవేలు వాచిపోయి పెనం ఎత్తలేకపోయేది. అయినా పని మానలేదు. బయట ఎవరికీ చెప్పనని చేరేటప్పుడు కాగితం రాసిచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్‌లో ప్రచార విభాగం పెద్ద లెస్టర్ ఫాగ్ మా ఇంటికి వచ్చాడు. నన్ను ఓరిన్ గారూ అన్నాడు. ముప్పై ఏళ్ళలో అతను నా పేరు పలకడం అదే మొదలు. కుర్చీ చూపించాను. కాఫీ ఇవ్వలేదు.

విషయం ఇది. మే నెలలో బులవార్డ్ వీధిలో పెద్ద థియేటరు ముందు పచ్చి సిమెంట్‌లో రాయిస్ చేతులు అద్ది పేరు రాయాలి. గొప్ప నటుల కోసం అక్కడ చేసే తంతు అది. అతనికి ఆ గౌరవం ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. టీవీలో చూపిస్తారు. కాని ఒక చిక్కు వచ్చి పడింది. మార్చిలో ఒక ఆసుపత్రి విరాళాల వేలానికి రాయిస్ తన టోపీ మీద, తన చేత్తో, మొదటిసారి సంతకం చేసి ఇచ్చాడు. కొనుక్కున్నావిడ ఇంట్లో ఉన్న ఫొటోతో పోల్చి చూసి, ఇది దొంగ సంతకం అని టోపీ తెచ్చి ఆసుపత్రి వాళ్ళ ముఖాన కొట్టింది. పేపర్లో పడింది.

"ఆయన సంతకం ఆయనకే రాదు," అన్నాడు ఫాగ్. "వెర్నా గారి దస్తూరి మీకు తెలుసు. మీరు నేర్పాలి."

ఆవిడ పోయినందుకు తనకెంతో బాధగా ఉందని కూడా అన్నాడు. బీరువాలోంచి సంతాపం కార్డు తీసి అతని ముందు పెట్టాను. చూశాడు. మంచి కార్డే పంపారే అన్నాడు. ఎవరు సంతకం చేశారో చూడమన్నాను. కాసేపు పట్టింది. తరవాత టోపీ చేతిలోకి తీసుకుని అంచు తిప్పడం మొదలుపెట్టాడు.

నేర్పుతాను, ఒక్క షరతు అన్నాను. ఆ రోజు మైకు ముందు రాయిస్ ఆమె పేరు చెప్పాలి. వెర్నా బెక్. ఈ సంతకం ఆమెది అని చెప్పనక్కర్లేదు, అది మీ బతుకు. ఆమెకు కృతజ్ఞతలు అంటే చాలు. ఒక్కసారి, జనం వినేలా.

ఫాగ్ అరక్షణం కూడా ఆలోచించకుండా సరే అన్నాడు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

రాయిస్ పది రోజులు మా ఇంటికి వచ్చాడు. పొడుగాటి కారులో, టోపీ కళ్ళ మీదికి లాక్కుని. ఎవరూ గుర్తు పట్టకూడదని అలా వచ్చేవాడు. ఎవరూ గుర్తు పట్టడం లేదని లోపలికి వచ్చాక చిరాకు పడేవాడు. వంటింటి బల్ల దగ్గర వెర్నా కుర్చీలో కూర్చునేవాడు. వేరే కుర్చీ చూపించాను. మొదటి రోజు మారాడు. రెండో రోజు మళ్ళీ అందులోనే కూర్చున్నాడు.

పాత ఫొటో ఒకటి ముందు పెట్టి దిద్దించాను. మిస్ ఓగ్డెన్ మాకు దిద్దించినట్టే, ముందు గాలిలో, తరవాత కాగితం మీద. అతను రాస్తే మొదటి అక్షరం గుర్రం ఎక్కేది కాదు, కింద పడేది.

"ఒరేయ్ ఓరిన్, ఇది నా పేరేనా?" అన్నాడు మూడో రోజున.

"కాదు. నీ పేరు ప్యూజీ. ఇది నా పెళ్ళాం రాసిన పేరు."

నవ్వాడు. కొత్త పళ్ళు కొంచెం కదిలాయి. "ఆవిడ ఎలా ఉండేదిరా? నేనెప్పుడూ చూడలేదు."

"చూశావు. ముప్పై ఎనిమిదిలో క్రిస్మస్ విందు. నీ గ్లాసు ఆమె చేతికిచ్చి ఐసు వేసుకు రమ్మన్నావు."

"తెచ్చిందా?"

"తెచ్చింది."

"మంచి మనిషి," అని మళ్ళీ పెన్సిలు పట్టుకున్నాడు.

ఎనిమిదో రోజుకి అతని సంగతి తేలిపోయింది. రాదు. అతని చేతికి చిన్నప్పటినుంచీ అలవాటైంది రిబ్బన్లు కత్తిరించడం ఒక్కటే. కాని అతనికి చూపించడానికి వందల సార్లు రాసి రాసి నాకు వచ్చేసింది. ఒకే బడి, ఒకే బెత్తం. ఫాగ్ వచ్చి నా కాగితాన్నీ ఫొటోనీ పక్కపక్కన పెట్టి చూశాడు. అతని ముఖం వెలిగింది.

"నలభై సార్లు ఆయన కోసం పడ్డారు. నలభై ఒకటోసారి వంగుతారు, అంతే కదా."

మూడు షాట్లు అన్నాడు. మొదటిది ప్రసంగం: రాయిస్, ముఖం వైపు నుంచి. తరవాత చేతులు కడుక్కోవడానికని థియేటరు లోపలికి వస్తాడు. రెండోది సంతకం: అతని కోటూ టోపీలో నేను, వీపు వైపు నుంచి. జనం తాడు అవతల యాభై అడుగుల దూరంలో. నేను ఏదో మరిచిపోయినట్టు లోపలికి వెళ్తాను. మూడోది చేతుల ముద్ర: మళ్ళీ రాయిస్, ముఖం వైపు నుంచి. ఎవరైనా గమనిస్తే అని అడిగాను.

"మిమ్మల్ని ఇన్నేళ్ళలో ఎవరైనా గమనించారా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగానే ధైర్యం చెబుతున్నాడు.

పేరు సంగతి మళ్ళీ అడిగాను, ఈసారి రాయిస్‌నే. చెప్తానన్నాడు. వాళ్ళ అమ్మ మీద ఒట్టేశాడు.

"ఏ అమ్మ మీద? వయోమింగ్ అమ్మా, న్యూజెర్సీ అమ్మా?"

కొంచెం ఆలోచించి, ఇద్దరి మీదా అన్నాడు.

ఆ రోజు ఎండ బాగా ఉంది. అభిమాన సంఘం ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి తాడు దగ్గర కూర్చున్నారు, ఒళ్ళో సంతకాల ఫొటోలు పెట్టుకుని. అన్నీ వెర్నావే. నేను లోపల పాప్‌కార్న్ అమ్మే చోట, రాయిస్ కోటులాంటి కోటు వేసుకుని నిలబడ్డాను. మైకు బాగా వినిపిస్తోంది.

రాయిస్ దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. స్టూడియో అధ్యక్షుడికి చెప్పాడు. వయోమింగ్ గాలికి చెప్పాడు. డస్టర్ అనే తన గుర్రానికి చెప్పాడు. చెబుతూ గొంతు తగ్గించాడు. ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకున్నారు. డస్టర్ పేరుతో మొత్తం ఐదు గుర్రాలు పనిచేశాయి. రెండు నా కింద చచ్చాయి. చప్పట్లు మోగాయి. ప్రసంగం అయిపోయింది.

లోపలికి వచ్చి చెమట తుడుచుకుంటూ, ఎలా చెప్పానురా అన్నాడు.

"ఒక పేరు మిగిలిపోయింది."

"ప్రసంగం కార్డులో లేదురా. ఫాగ్ రాయలేదు. రాయంది నేనెప్పుడైనా చెప్పానా?"

అది నిజమే. ఫాగ్ పక్కనే ఉన్నాడు. టీవీ వాళ్ళు రెండు నిమిషాలే ఇచ్చారని, ఏమీ అనుకోవద్దని అన్నాడు.

"గుర్రానికి టైము ఉంది," అన్నాను.

"గుర్రం ఎవరో జనానికి తెలుసు ఓరిన్ గారూ."

టోపీ కిందికి లాక్కుని బయటికి నడిచాను. చప్పట్లు కొట్టారు. రాయిస్‌లా నడవడం నాకు కష్టం కాదు. గుర్రం మీద నుంచి దిగి నడిచిన ప్రతిసారీ అది నా నడకే, అతను నేర్చుకున్నాడు.

సిమెంట్ పలక దగ్గర పీట్రో అనే ముసలి మేస్త్రీ మోకాళ్ళ మీద ఉన్నాడు. కర్రపుల్ల నా చేతికిచ్చి, పావుగంటలో గట్టిపడుతుంది, తరవాత దేవుడు కూడా చెరపలేడు అన్నాడు. జనానికి వీపు పెట్టి వంగాను. మోకాళ్ళు పటపటమన్నాయి. చేతులు అద్దవలసిన చోట చాక్ గుర్తులున్నాయి. వాటి పైన పేరు.

మిస్ ఓగ్డెన్ చెప్పినట్టు ముందు గాలిలో ఒకసారి రాశాను. తరవాత సిమెంట్‌లో, ఆమె దస్తూరిలో, ఆమె పేరు రాశాను. వెర్నా బెక్. తొందర పడలేదు. చివరి గీత కింద ఆమె లాగే చిన్న కొక్కెం తిప్పాను.

పీట్రో చూశాడు. నా ముఖం కూడా చూశాడు. "ఎవరు?"

"నా పెళ్ళాం."

తల ఊపాడు. తాపీ తీసి అంచున పైకి లేచిన సిమెంట్‌ని మెల్లగా సరిచేశాడు. అక్షరాల జోలికి వెళ్ళలేదు. ఆమె ఎవరని నన్ను అడిగినవాడు ఆ రోజు మొత్తంలో అతనొక్కడే.

నేను లోపలికి వెళ్ళాను, రాయిస్ బయటికి వచ్చాడు. అతనికి కళ్ళద్దాలు లేనిదే దగ్గరి అక్షరం కనబడదు. నలుగురిలో కళ్ళద్దాలు పెట్టుకోడు. నేరుగా చాక్ గుర్తుల దగ్గరికి వచ్చి, కిందికి చూడకుండా వంగి, రెండు చేతులూ సరిగ్గా వాటి మీద అద్దాడు. అంగుళం తేడా లేదు. ముఖం ఎత్తి ఎడమ కన్ను సగం మూశాడు. ఫొటోలు తీశారు. టీవీ కెమెరా పలక మీదికి దిగింది.

టీవీ అతను మైకులో పైకి చదివాడు. ఆగాడు. మళ్ళీ చదివాడు. "హాలమ్ గారూ, ఈ వెర్నా బెక్ ఎవరండీ?"

తలుపు సందులోంచి చూస్తున్నాను. రాయిస్ ఫాగ్ వైపు చూశాడు. ఫాగ్ ముఖం సిమెంట్ రంగులో ఉంది. రాయిస్ చేతిలో కార్డు లేదు. అంతమంది ముందు రాయిస్ రాసి ఇవ్వని మాట చెప్పవలసి రావడం బహుశా అదే మొదలు.

"ఆవిడ లేకపోతే నేను లేను," అన్నాడు.

అంతే అన్నాడు. నిజమైన మాట. గుండెలోంచి అన్నాడని తరవాత కొందరు నాతో అన్నారు. నాకు కనబడింది సగం మూసిన ఎడమ కన్ను. నలభై సినిమాల్లో చూసిన కన్నే.

ఫాగ్ సాయంత్రం ఫోన్ చేసి కేసు పెడతానన్నాడు, పలక పగలగొట్టిస్తానన్నాడు. నేను వింటూ బీన్స్ తిన్నాను. మర్నాడు పొద్దున మళ్ళీ చేశాడు. గొంతు తేనె. పేపరు చూశారా ఓరిన్ గారూ అన్నాడు.

చూశాను. మొదటి పేజీ. వయోమింగ్‌లో పక్క పశువుల దొడ్డివాళ్ళ అమ్మాయి వెర్నా బెక్. రాయిస్ తొలి ప్రేమ. పెళ్ళికి వారం ముందు మంచుతుఫానులో పోయింది. ఆ గాయంతోనే అతను సినిమాల్లోకి వచ్చాడు, ఆ గాయంతోనే మూడు పెళ్ళిళ్ళూ నిలవలేదు. ఇన్నేళ్ళూ దాచుకున్నాడు. కీర్తి అందిన రోజున తన పేరు రాసుకోకుండా ఆమె పేరు రాశాడు. ఇలాంటి మగవాళ్ళు ఇప్పుడు ఉన్నారా అని పేపరువాళ్ళు అడిగారు.

దస్తూరి పండితుడు మళ్ళీ వచ్చాడు. పేరు మారినా చెయ్యి మారలేదు, ఫొటోల మీద ఉన్నదీ సిమెంట్‌లో ఉన్నదీ ఒకే ఒంటరి మగవాడి చెయ్యి అని తేల్చాడు. టోపీ గొడవ అంతటితో సద్దుమణిగింది. టోపీ దొంగదే అని అందరూ ఒప్పుకున్నారు.

పేపరుకి ఉత్తరం రాశాను. వెర్నా బెక్ నెబ్రాస్కా మనిషి, నా భార్య, ఫిబ్రవరిలో పోయింది అని. అచ్చు వెయ్యలేదు, దాన్ని స్టూడియోకి పంపేశారు. స్టూడియో నుంచి మాత్రం జవాబు వచ్చింది: మీ అభిమానానికి కృతజ్ఞతలు అని, ఒక ఫొటో జతచేసి. జడలు వేసుకున్న పిల్ల ఎవరో, కంచె మీద చెయ్యి వేసి నవ్వుతోంది. కింద వెర్నా బెక్ అని సంతకం. ఉత్తరాల గదిలో కొత్తగా చేరినామె పెట్టి ఉంటుంది. దస్తూరి బాగాలేదు.

రాయిస్ మళ్ళీ మా ఇంటికి రాలేదు. రేడియోలో, పత్రికల్లో వెర్నా గురించి చెబుతూ ఉండేవాడు. గ్లిసరిన్ లేకుండా ఏడవడం నేర్చుకున్నాడని విన్నాను. చివరికి నమ్మేశాడనుకుంటాను. మరుసటి ఏడు అక్టోబరులో పోయాడు. ఆఖరి మాట ఆ పేరేనని ఫాగ్ చెప్పాడు, పేపర్లు రాశాయి. అంత్యక్రియలకు నాలుగు వేల మంది. నేను వెళ్ళలేదు. ఆ రోజు బీరువాలోంచి నల్ల అంచు కార్డు తీసి, కొత్త కవరులో పెట్టి ఫాగ్‌కి పంపాను. "మీ దుఃఖంలో నేనూ ఉన్నాను. రాయిస్ హాలమ్." జవాబు రాలేదు.

డిసెంబరులో మొదటిసారి ఆ పలక చూడటానికి వెళ్ళాను. బస్సులో వచ్చిన వాళ్ళకు ఒకతను తిప్పి చూపిస్తూ మంచుతుఫాను కథ చెబుతున్నాడు. ఆడవాళ్ళు అక్షరాల మీద పువ్వులు పెట్టారు. వాళ్ళంతా కదిలేదాకా ఆగాను. అతనితో, ఈమె నా భార్య అని చెప్పాను.

మంచి కుర్రాడే. విసుక్కోలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "అలాగే తాతా. ఈ నెలలో మీరు నాలుగో వారు," అన్నాడు. నీడలో బెంచీ ఉందని చూపించాడు.

అతను వెళ్ళాక మోకాళ్ళ మీదికి దిగాను. పువ్వులు పక్కకి నెట్టాను. మొదటి అక్షరం 'వి' అడుగున, రెండు గీతలు కలిసే చోట, ఎవరో నమిలి అంటించిన చూయింగ్ గమ్ ఉంది. గట్టిపడిపోయింది. జేబులోంచి చాకు తీసి గీకడం మొదలుపెట్టాను.